పిల్లల చదువులు: "డాక్టరెప్పుడవుతావమ్మా?"

మొన్న దీపావళి సమావేశంలో, పులిహోర పళ్ళాలు పట్టుకుని నిలబడి ఉండగా, మన సంఘంలో పెరిగిన ఒక అమ్మాయిని పలకరించాం. పిల్లల ఎముకల విభాగంలో ఫిజీషియన్ అసిస్టెంటుగా పనిచేస్తున్నానంది. "సంతోషం. మరి డాక్టరెప్పుడవుతావమ్మా?" అన్నాం. "నా చదువైపోయిందండీ" అని నవ్వి ఊరుకుంది. పక్కనున్న వాళ్ళమ్మగారు మాత్రం చూపు తిప్పుకున్నారు. ఇంటికొచ్చాక మా ప్రశ్న మాకే నచ్చలేదు. మర్నాడు ఫోను చేసి, తప్పు ఒప్పుకుని, ఆ పనేమిటో చెప్పమ్మా అని అడిగాం. గంటసేపు చెప్పింది.

అసిస్టెంటు అనగానే మనకు కాంపౌండరు గుర్తొస్తాడు. చిక్కంతా అక్కడే ఉంది. ఈ వృత్తి 1965లో నార్త్ కరొలైనాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. డాక్టర్ల కొరత చూసి డాక్టర్ యూజీన్ స్టెడ్ గారు, నౌకాదళంలో వైద్యసేవ చేసి వచ్చిన నలుగురితో తొలి తరగతి పెట్టారు. 1967లో అందులో ముగ్గురు చదువు పూర్తిచేసి బయటికొచ్చారు. పేరు మీద పేచీ వాళ్ళకీ ఉంది. 2021లో వారి జాతీయ సంఘం 'ఫిజీషియన్ అసోసియేట్' అనాలని తీర్మానించినా, చాలా రాష్ట్రాల చట్టాల్లో పాత పేరే నడుస్తోంది.

మన అమ్మాయి బయాలజీలో డిగ్రీ చేసి, రెండేళ్ళు ఎముకల క్లినిక్కులో సిమెంటు కట్లు కట్టే పనిలో ఉంది. రోగుల దగ్గర పనిచేసిన అనుభవం ఉంటేగాని చాలా కాలేజీల్లో ఈ కోర్సుకు సీటు రాదట. తరవాత ఇరవై ఏడు నెలల చదువు, జాతీయ పరీక్ష, రాష్ట్రం ఇచ్చే లైసెన్సు. పిల్లల ఎముకల సర్జను కావాలంటే డిగ్రీ మీద ఇంకో పదేళ్ళు పడుతుంది. జీతంలోనూ ఆ తేడా ఉంటుంది. ఆపరేషను బాధ్యత సర్జనుదే. ఆ సంగతి మింగుడుపడని వాళ్ళు ఈ దారికి రాకపోవడమే మంచిదని ఆ అమ్మాయే అంది.

ఇక పని. మోచెయ్యి విరిగిన పిల్లలను చూడడం, ఎక్స్‌రేలు చదవడం, కట్లు కట్టడం, మందులు రాయడం, ఆపరేషనులో సర్జనుకు సాయం చేయడం. ఇవన్నీ గబగబా చెప్పేసి, పాదాలు లోపలికి తిరిగి పుట్టిన పసికందుల దగ్గర ఆగిపోయింది. అయోవాలో డాక్టర్ పోన్సెటి రూపొందించిన పద్ధతిలో, వారం వారం పాదాన్ని మెల్లగా సరిచేస్తూ తొడదాకా కట్టు వేస్తారు. అయిదారు కట్లు పడతాయి. చాలామందికి మడమ వెనక నరాన్ని చిన్నగా కోయాల్సి వస్తుంది. ఆ పైన కడ్డీకి బిగించిన బూట్లు మూడు నెలలపాటు రోజుకు 23 గంటలు, తరవాత నాలుగేళ్ళు వచ్చేదాకా నిద్రవేళల్లో తొడగాలి. బిడ్డ ఏడుస్తోందని ఇంట్లోవాళ్ళు బూట్లు విప్పేస్తే పాదం మళ్ళీ తిరిగిపోతుంది. అందుకే కట్టు కట్టడం కంటే తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడడానికే తనకు ఎక్కువసేపు పడుతుందంది.

ఒకసారి అలాంటి బిడ్డతో ఒక తెలుగు కుటుంబం వచ్చిందట. పేర్లు తను చెప్పలేదు, మేమూ అడగలేదు. "గ్రహణం రోజు బయటికి వెళ్ళొద్దంటే విన్నావా?" అని పెద్దావిడ కోడలిని సాధిస్తోంది. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. తెలుగు తెలిసినవాళ్ళు అక్కడ ఇంకెవరూ లేరు. మన అమ్మాయి తన వచ్చీరాని తెలుగులో, "గ్రహణం వల్ల కాదు బామ్మగారూ, కోడలు తప్పూ లేదు, బూట్లు మీరే తొడగాలి" అని పక్కన కూర్చుని తొడగడం నేర్పిందట. మళ్ళీ వచ్చినప్పుడు బూట్ల లెక్క రాసిన కాగితం తెచ్చింది ఆ బామ్మగారే.

ఈ కథ వాళ్ళమ్మగారికి తెలియదట. ఇంట్లో ఎవరూ అడగలేదంది.

వచ్చే నెల సమావేశంలో హైస్కూలు పిల్లలతో అరగంట మాట్లాడడానికి ఒప్పుకుంది. ప్లాస్టరు చుట్టలు తెచ్చి కట్టు ఎలా కడతారో చేయించి చూపిస్తుంది. పిల్లలకు పాత చొక్కాలు వేసి తీసుకురండి. కాఫీ వాళ్ళమ్మగారు తెస్తామన్నారు.