నిద్రపోనివ్వని దురద

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు వినగానే కొబ్బరి, జీడి తోటలతో పాటు మూత్రపిండాల వ్యాధి కూడా మనకు గుర్తుకొస్తుంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ గురించి కవిటిలోనూ, సోంపేటలోనూ ఇప్పుడు పిల్లలకు కూడా తెలుసు. కాని డయాలసిస్ చేయించుకునేవారిలో అనేకులను వేధించే దురద గురించి ఇళ్ళలో మాట్లాడుకోవడం తక్కువ.

చర్మంపై పొక్కులుండవు, దద్దుర్లుండవు. అయినా రాత్రి పడుకోగానే వీపు, చేతులు రక్తం వచ్చేలా గోక్కోవలసి వస్తుంది. ఇంట్లోవారు గజ్జి అని భయపడి పక్కబట్టలు వేరుచేస్తే, రోగి సిగ్గుతో మౌనం వహిస్తాడు.

దీని మూలాల్లో ఒకటి మన కణాల్లోనే ఉంది. నల్లమందు నుండి తీసే మార్ఫిన్ పనిచేయడానికి కణాల ఉపరితలంపై ఓపియాయిడ్ గ్రాహకాలు ఉంటాయి. అవి మార్ఫిన్ కోసం పుట్టినవి కావు. శరీరం తానే తయారుచేసుకునే ఎండార్ఫిన్, డైనార్ఫిన్ వంటి పదార్థాల కోసం ఉన్నవి. వీటిలో 'మ్యూ' రకం నొప్పిని తగ్గించినా దురదను రేపగలదు. 'కప్పా' రకం దురదను అణచుతుంది.

ఈ గ్రాహకాల సంఖ్య స్థిరంగా ఉండదు. జన్యువు ఆదేశాన్ని బట్టి కణం వాటిని తయారుచేస్తుంది. ప్రేరణ ఎడతెగక వస్తుంటే వాటిని లోపలికి లాక్కుంటుంది. కొన్నింటిని తిరిగి పైకి పంపుతుంది, కొన్నింటిని నాశనం చేస్తుంది. మార్ఫిన్ వంటి మందులు దీర్ఘకాలం వాడినవారికి పాత మోతాదు చాలకపోవడానికి ఈ సర్దుబాటు కూడా ఒక కారణం. డయాలసిస్ రోగులలో దురద ఉన్నవారి చర్మాన్ని పరీక్షించినప్పుడు, దురద లేనివారి కన్నా 'కప్పా' గ్రాహకాలు తక్కువగా కనిపించాయి. అంటే అణచవలసిన చెయ్యి బలహీనపడిందన్నమాట.

ఈ అవగాహనే చికిత్సకు దారి చూపింది. కప్పా గ్రాహకాలను ప్రేరేపించే నాల్‌ఫ్యురాఫిన్‌కు 2009లో జపాన్, డిఫెలికెఫాలిన్‌కు 2021లో అమెరికా అనుమతినిచ్చాయి. మామూలు అలర్జీ బిళ్ళలతో ఈ దురద చాలామందికి తగ్గకపోవడానికి కారణం కూడా ఇదే: ఇందులో హిస్టమిన్ పాత్ర ప్రధానం కాదు.

కాబట్టి ఇంట్లో డయాలసిస్ రోగి ఉంటే మనమే అడగాలి: "రాత్రి నిద్ర పడుతోందా? దురదగా ఉందా?" ఆ సమాధానాన్ని వైద్యునికి చేరవేయాలి. డయాలసిస్ సరిపోతోందా, రక్తంలో భాస్వరం ఎక్కువైందా, నిజంగా గజ్జి ఏమైనా ఉందా అని ఆయన చూస్తారు. పొడిబారిన చర్మానికి తేమనిచ్చే లేపనం రాయడం, గోళ్ళు కత్తిరించడం మన చేతిలోని పనులు. దుకాణంలో అడిగి నొప్పి బిళ్ళలు, నిద్రమాత్రలు తెచ్చి ఇవ్వడం మాత్రం ప్రమాదకరం. మూత్రపిండాలు బయటకు పంపవలసిన మందులు ఒంట్లోనే పేరుకుపోతాయి.

మూత్రపిండాల వ్యాధి వల్ల వచ్చే ఈ దురద అంటుకునేది కాదు. అది వైద్యుడు నిర్ధారించిన తర్వాత, వేరుచేసిన పక్కను తిరిగి దగ్గరకు జరపడం మన వంతు.