బొగ్గు ఊళ్ల లెక్క కూడా రాయండి

వినతిపత్రం

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఉప ముఖ్యమంత్రి, ఇంధన శాఖ మంత్రి గారికి
(పెద్దపల్లి జిల్లా కలెక్టర్ గారి ద్వారా, ప్రజావాణిలో)

సమర్పించువారు: గోదావరిఖని, రామగిరి, మంథని ప్రాంతాల బొగ్గు గని కార్మికులు, కాంట్రాక్టు కార్మికులు, ఓపెన్‌కాస్టుల కింద భూములు పోయిన రైతులు, గనులను నమ్ముకుని చిన్న వ్యాపారాలు చేసుకునేవారు.

విషయం: కరెంటు ఉత్పత్తి బొగ్గు నుంచి సౌరశక్తికి మళ్లుతున్న ఈ కాలంలో కోల్‌బెల్ట్ ప్రజలకు రాతపూర్వకమైన ప్రణాళిక, దానికి తగిన నిధి కోరుతూ.

ఆర్యా,

బొగ్గు తవ్వకం ఎన్నటికీ ఆపొద్దని అడగడానికి మేం రాలేదు. మే నెలలో రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటిన రోజున ఓసీ (ఓపెన్‌కాస్టు గని) అడుగున బ్లాస్టింగు పని చేసేది, పంపుల దగ్గర కాపలా ఉండేది మా వాళ్లే. వాతావరణం మారుతోందని మాకు ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. అట్లని బాయిలన్నీ (గనులన్నీ) రేపే మూసేయండని కూడా అనడం లేదు. మూస్తే ఏమవుతుందో మాకంటే మీకే బాగా తెలుసు. మా మొర ఏమిటంటే, బొగ్గు నుంచి బయటపడే దారికి దేశం దగ్గర మెగావాట్ల లెక్క ఉంది, గడువుల లెక్క ఉంది, పెట్టుబడుల లెక్క ఉంది. బొగ్గు మీద బతికే మనుషుల లెక్క మాత్రం ఇంతవరకు మా ఊళ్లకు చేరలేదు.

2021 నవంబరులో గ్లాస్గో సదస్సులో ప్రధానమంత్రి 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు సాధిస్తామని, 2030కల్లా 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్ సామర్థ్యం సమకూర్చుకుంటామని ప్రకటించారు. 2025 జనవరిలో మన రాష్ట్రం కూడా స్వచ్ఛ, హరిత ఇంధన విధానం తెచ్చి 2030 నాటికి అదనంగా 20 వేల మెగావాట్లు లక్ష్యంగా పెట్టుకుంది. అదే ఏడాది జూలైలో, దేశ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదేనని కేంద్రం చెప్పింది. మంచిదే. అయితే స్థాపిత సామర్థ్యం వేరు, తీగల్లో పారే కరెంటు వేరు. దేశంలో తయారయ్యే కరెంటులో నూటికి 70 పాళ్ల దాకా ఇప్పటికీ బొగ్గుదే. పొద్దు గూకాక సోలార్ పలకల నుంచి వచ్చేది ఏమీ ఉండదు. సరిగ్గా అప్పుడే ఇళ్లలో ఫ్యాన్లు, కూలర్లు ఆన్ అవుతాయి. 2025 మార్చిలో రాష్ట్రంలో గరిష్ఠ డిమాండు 17 వేల మెగావాట్లు దాటింది. బ్యాటరీలు, పంప్డ్ స్టోరేజీ సరిపడా వచ్చేదాకా రాత్రిపూట భారం మోసేది థర్మల్ కేంద్రాలే.

2022 ఏప్రిల్ మీకు గుర్తుండే ఉంటుంది. ఎండలు ముదిరి డిమాండు ఒక్కసారిగా పెరిగింది. ఉక్రెయిన్ యుద్ధంతో విదేశీ బొగ్గు ధర మండిపోయింది. ప్లాంట్లలో నిల్వలు అడుగంటాయి. బొగ్గు రైళ్లకు దారివ్వడానికి రైల్వే ప్యాసింజరు రైళ్లను రద్దు చేసింది. ఆ రోజుల్లో ఇంధన భద్రత అంటే మా బాయిలే. కష్టమొచ్చినప్పుడు దేశానికి వెలుగునిచ్చేవాళ్లమని పొగుడుతారు. పథకాలు రాసేటప్పుడు మాత్రం మా పేరు కాలుష్యం అనే శీర్షిక కిందే కనిపిస్తుంది.

బొగ్గు నుంచి మళ్లడం ముందు ముందు మొదలయ్యే పని అని అధికారులు అంటుంటారు. కోల్‌బెల్ట్‌లో అది ముప్పై ఏళ్ల కిందటే మొదలైంది. 1990ల మొదట్లో సింగరేణి బొగ్గు గనుల సంస్థలో పర్మినెంటు కార్మికులు లక్షకు పైగా ఉండేవారు, ఏటా తీసే బొగ్గు 2 కోట్ల టన్నుల దరిదాపుల్లో ఉండేది. ఇప్పుడు బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు, పర్మినెంటు కార్మికులు 40 వేల మంది. చేతులతో చేసే తట్టా చెమ్మస్ పని పోయింది, భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, వచ్చే బొగ్గులో పదింట తొమ్మిది వంతులకు పైగా ఓసీల నుంచే వస్తోంది. ఇదంతా వాతావరణం కోసం జరిగింది కాదు. ఖర్చు తగ్గించుకోవడానికి జరిగింది. కానీ ఇల్లు గడుపుకునే మనిషికి రెండిటి ఫలితం ఒకటే. ఈ మార్పుకు ఎవరూ పేరు పెట్టలేదు, నిధి పెట్టలేదు.

దాని ఫలితం చూడాలంటే ఎంతో దూరం వెళ్లనక్కర్లేదు, బెల్లంపల్లి దాకా వెళితే చాలు. ఒకప్పుడు షిఫ్టు మారే వేళ రోడ్డు నిండిపోయే ఊరు. బాయిలు మూతపడుతుంటే కార్మికులను వేరే ఏరియాలకు బదిలీ చేశారు, వాళ్ల వెనకే కిరాణా కొట్లు, టైలర్లు, హోటళ్లు తరలిపోయాయి. మా దగ్గరే 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల రామగుండం బి-థర్మల్ 2024లో ఆగిపోయింది. ముసలి ప్లాంటు, ఆగక తప్పదు, ఒప్పుకుంటాం. కానీ పర్మినెంటు ఉద్యోగిని బదిలీ చేయడానికి జీవోలు ఉన్నాయి. గేటు ముందు చాయ్ హోటల్‌ను, ఆటో స్టాండును బదిలీ చేసే జీవో ఏదీ లేదు.

ఇక కొత్త శక్తి సంగతి. రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంటు 2022 జూలై నుంచి పూర్తిగా నడుస్తోంది. సింగరేణి కూడా తన భూముల్లో సోలార్ ప్లాంట్లు పెట్టింది. మేడిపల్లి ఓసీ గుంతలో పంప్డ్ స్టోరేజీ ఆలోచన ఉందని విన్నాం, అది నిజమైతే ఇంతకంటే మంచి కబురు ఉండదు. అయితే సోలార్ ప్లాంటు కట్టేటప్పుడే మనుషులు కావాలి. నడిపేటప్పుడు బాయిలో ఒక్క షిఫ్టుకు పట్టినంత మంది కూడా అవసరం పడరు. కాబట్టి బొగ్గు పోయిన చోట సోలార్ పెడితే ఊరు బతుకుతుందనే మాట లెక్క చూసి చెప్పేది కాదు.

మరి ఊళ్లను నిలబెట్టే పైసలు ఎక్కడివని మీరు అడుగుతారు. బొగ్గు నుంచే. 2010లో కేంద్రం టన్ను బొగ్గుకు 50 రూపాయల శుద్ధ ఇంధన సెస్సు వేసింది. 2016 నాటికి అది 400 అయింది. 2017లో దాన్ని జీఎస్టీ పరిహార సెస్సులో కలిపేశారు, అంటే స్వచ్ఛ ఇంధనం పేరు కూడా పోయింది. సింగరేణి ఏడాదికి 6 కోట్ల టన్నులే తీస్తుందని తక్కువగా వేసుకున్నా, టన్నుకు 400 చొప్పున అది 2,400 కోట్ల రూపాయలు. ఏటా! 2025 సెప్టెంబరులో ఆ సెస్సు ఎత్తేసి బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. ఇందులో రాష్ట్రానికీ వాటా వస్తుంది. టన్నుకు 20 రూపాయలు పక్కన పెట్టినా 7 కోట్ల టన్నుల మీద ఏడాదికి 140 కోట్లు. దీన్ని కోల్‌బెల్ట్ పరివర్తన నిధిగా వేరే ఖాతాలో, వేరే ఆడిట్‌తో ఉంచాలన్నది మా మొదటి కోరిక, అన్నిటికంటే పెద్ద కోరిక. 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధిని దీనికి సాకుగా చూపొద్దని మనవి. అది ఇప్పటి నష్టానికి పరిహారం. మేం అడిగేది గని మూసిన తర్వాతి బతుకు గురించి.

రెండోది రిజిస్టరు. పర్మినెంటు కార్మికుడికి ముస్టరు ఉంది, పీఎఫ్ ఉంది, గ్రాట్యుటీ ఉంది. బొగ్గు మీది మట్టి (ఓబీ) తీసే కాంట్రాక్టు సంస్థల్లో డ్రైవర్లు, హెల్పర్లు, కాలనీలు ఊడ్చే ఆడవాళ్లు, సెక్యూరిటీ వాళ్లు వేలమంది ఉన్నారు. టెండరు మారినప్పుడల్లా కాంట్రాక్టరు మారతాడు, మనిషి అదే పనిలో కొత్తవాడవుతాడు. పదిహేనేళ్లు పనిచేసినా కాగితం మీద ఏడాది సర్వీసే కనిపిస్తుంది. రేపు గని మూసిన రోజున వీళ్లు ఎవరి లెక్కలోనూ రారు. అందుకే కార్మిక శాఖ, గ్రామ పంచాయతీలు కలిసి ఇంటింటికీ తిరిగి, కాంట్రాక్టరు ఇచ్చే జాబితా మీద ఆధారపడకుండా, కాంట్రాక్టు కార్మికులను, భూమి లేని కూలీలను, గనిపై ఆధారపడిన చిన్న వ్యాపారులను నమోదు చేయాలి.

మూడోది గని మూసివేత. మూసివేత ప్రణాళికలకు కేంద్ర బొగ్గు శాఖ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. దాని కోసం ఏటా ఎస్క్రో ఖాతాలో డబ్బు జమ చేయాలి. ఆ ప్రణాళికల్లో గుంత, ఓబీ కుప్ప, చెట్లు ఉంటాయి. అవి మా బతుకునూ తేలుస్తాయి కనుక, మా ప్రాంతంలోని ప్రతి గని మూసివేత ప్రణాళికను తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి. ఏ గనిలో ఎన్నేళ్ల బొగ్గు మిగిలిందో చెబితే పిల్లలను ఏ చదువుకు పంపాలో మేం నిర్ణయించుకుంటాం. ఇది రహస్యంగా ఉంచాల్సిన విషయం కాదు కదా!

నాలుగోది ఎండ. ఈ విషయం చిన్నదే అయినా ఈ ఎండాకాలంలోపే తేలాలి. భూగర్భ గనుల్లో తడి బల్బు ఉష్ణోగ్రత (గాలిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకునే కొలత) 33.5 డిగ్రీలు దాటకూడదని బొగ్గు గనుల నిబంధనల్లో ఉంది. ఓసీ గుంతకూ అట్లాంటి హద్దు ఒకటి రాయించి, అది దాటిన మధ్యాహ్నాల్లో కూలి కోయకుండా పని ఆపించండి.

చివరిది కమిటీ. ఝార్ఖండ్ ప్రభుత్వం 2022లోనే బొగ్గు నుంచి న్యాయమైన పరివర్తన కోసం టాస్క్‌ఫోర్స్ వేసింది. జర్మనీ బొగ్గు ప్రాంతాలకు 40 బిలియన్ యూరోల దాకా ప్రకటించాకే 2038 గడువు పెట్టుకుంది. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది కనుక, ఇది తమ చేతిలో పని కాదని ఏ ఒక్కరూ తప్పుకోలేరు. మన రాష్ట్రంలోనూ అట్లాంటి కమిటీ వేసి, అందులో యూనియన్ నాయకులతో పాటు కాంట్రాక్టు కార్మికుల నుంచి, భూనిర్వాసితుల నుంచి, ఆడవాళ్ల నుంచి సభ్యులను తీసుకోవాలి. కమిటీ మొదటి సమావేశం హైదరాబాద్‌లో కాకుండా గోదావరిఖనిలో పెట్టాలి.

ఈ వినతిపత్రానికి అందినట్టు రసీదు, రాబోయే బడ్జెట్ సమావేశాలలోపు రాతపూర్వక జవాబు ఇప్పించగలరని కోరుతున్నాం.

ఇట్లు,
గోదావరిఖని, రామగిరి, మంథని ప్రాంతాల ప్రజలు
(సంతకాలు, వేలిముద్రలు జతపరిచాం)

ప్రతులు: కేంద్ర బొగ్గు శాఖ, రాష్ట్ర కార్మిక శాఖ, పెద్దపల్లి పార్లమెంటు సభ్యులు, రామగుండం, మంథని శాసనసభ్యులు.