ఇరవైకి చెత్త, యాభైకి వారసత్వం

"ఎందుకు సారూ, గా డొక్కు మీద పైసలు వెడ్తవు? తుక్కుకేస్తే ఇంత పైకమన్న చేతికొస్తది గద."

జహీరాబాద్ దగ్గర న్యాల్‌కల్‌లో మా ఇంటి ముందు నుంచి నడిచేవాళ్లలో ఈ మాట అననివాళ్లు తక్కువ. ప్రేమతోనే అంటారు. మా బంధువులు అంటారు, నాతో బడిలో పనిచేసే టీచర్లు అంటారు, పేపర్లు ఇంకాస్త మర్యాదగా అంటాయి. పాత కారు అంటే డబ్బు దండగ, పొగ గొట్టం, లేదంటే ఉన్నవాళ్ల మోజు. ఈ మూడింటిలో ఏదో ఒక గాటన కట్టేయకుండా దాని గురించి మాట్లాడేవాళ్లు లేరు. ఇది తప్పని నేను నమ్ముతున్నాను. తప్పని ఊరుకుంటే చాలదు, ఈ ఆలోచన ఇప్పుడు చట్టంలోకి ఎక్కింది కాబట్టి గట్టిగా కాదనాల్సిన అవసరం వచ్చింది.

నా బండి 1979 నాటి ప్రీమియర్ పద్మిని. మా నాన్న హైదరాబాదులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. పేరు మనది, పుట్టుక ఇటలీది. 1953లో ఫియట్ కంపెనీ తెచ్చిన 1100 కారుకి ఇది వారసురాలు. దాని ఇంజన్ మూలం ఇంకా వెనక్కి, 1937 దాకా పోతుంది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ కంపెనీ బొంబాయి కుర్లాలో ఈ కార్లు తయారుచేసింది. 1964లో డిలైట్ అన్నారు, 1974లో పద్మిని అన్నారు, ఇరవయ్యో శతాబ్దం ముగిసేదాకా అదే బండి.

"ఇదేం లగ్జరీ కారు?" అని మా మేనల్లుడు నవ్వుతాడు. 1964లో ప్రధానమంత్రిగా ఉన్న లాల్‌బహదూర్ శాస్త్రి ఫియట్ కారు కొనాలనుకుంటే ధర 12,000 రూపాయలు. ఆయన దగ్గర అంత లేక పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5,000 అప్పు తీసుకున్నారు. ఆయన పోయాక ఆ బాకీని లలితాశాస్త్రి తన పింఛనులోంచి తీర్చారు. దేశ ప్రధానికే అప్పు చేస్తే గాని అందని వస్తువు లగ్జరీ కాకపోతే మరేది? మా నాన్న ఆ బండిని ఊళ్లోకి తెచ్చిన రోజు సగం ఊరు మా వాకిట్లోనే ఉందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

2015 నుంచి మూడేళ్లు అది కొట్టంలో జొన్న చొప్ప పక్కన నిలబడిపోయింది. వెనక సీటులో ఎలుకలు పిల్లలు పెట్టాయి. డ్రైవర్ కాళ్ల కింద రేకు తుప్పు తినేసి, మ్యాటు ఎత్తితే నేల కనిపించేది. పట్నంలో ఒక గ్యారేజీకి తీసుకెళ్తే వాళ్లు బానెట్ ఎత్తి ఒక్క నిమిషం చూసి, "ఈ ఇంజన్ తీసి పారేసి వ్యాన్ ఇంజన్ పెట్టిస్తాం" అన్నారు. ఏం పోయిందో వెతకనే లేదు. ఆ రోజే బండిని వెనక్కి తెచ్చుకుని, పానాల సెట్టు ఒకటి కొన్నాను.

మా జహీరాబాద్ ప్రాంతానికి బండి విప్పడం కొత్త కాదు. 1980ల్లో ఇక్కడ ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ చిన్న లారీలు తయారుచేసేది. తర్వాత అది మహీంద్రా చేతికి వెళ్లింది, ఇవాళ ఇక్కడ ట్రాక్టర్లు తయారవుతున్నాయి. ముప్పై ఏళ్ల ట్రాక్టరుని చింతచెట్టు కింద విప్పి, పిస్టన్ రింగులు మార్చి, సాయంత్రానికి చేలోకి తోలే రైతులు మా మండలంలో ఉన్నారు. వాళ్లను మోజు మనుషులని ఎవరూ అనరు, పనిమంతులంటారు. అదే పానాలు, అదే గ్రీజు, అదే చెయ్యి కారు మీద పడితే మాత్రం పిచ్చి అయిపోతుంది. ఈ తేడా ఎక్కడ నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. కారంటే ఇంట్లో చెయ్యి పెట్టకూడని వస్తువని, షోరూం వాళ్లే ముట్టుకోవాలని ఎవరో మనకు నూరిపోశారు.

ఈ బండి కట్టుబడి చూడండి. 1089 సీసీ ఇంజన్, ఒక కార్బొరేటర్, స్టీరింగ్ పక్కనే గేర్ రాడ్, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. కంప్యూటర్ లేదు. డెల్కో (డిస్ట్రిబ్యూటర్) మూత రెండు క్లిప్పులు తీస్తే ఊడి వస్తుంది. లోపల కాంటాక్ట్ పాయింట్ల మధ్య సందు అర మిల్లీమీటరుకి కాస్త తక్కువ ఉండాలి. దాన్ని సరిచేయడానికి కావలసింది ఒక స్క్రూడ్రైవర్, గేజు రేకు, ఓపిక. టీచరుగా చెబుతున్నాను, మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ సందులో పుట్టే నిప్పురవ్వ చూపించినంత స్పష్టంగా కరెంటు పాఠం నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

కిందటి వేసవిలో బండి స్టార్ట్ కావడానికి మొండికేసింది. ఆయిల్ చూసే కడ్డీ తీస్తే, ఉండాల్సిన గీతకు పైన వేలెడు ఎత్తున తడి ఉంది. ఆయిల్ తగ్గడం చాలాసార్లు చూశాను, పెరగడం అదే మొదలు. వేలికి రాసుకుని వాసన చూస్తే పెట్రోలు. రెండు నట్లు విప్పి పెట్రోలు పంపు ఊడదీశాను. లోపల ఉండే రబ్బరు డయాఫ్రమ్ నీళ్లలో నానిన అప్పడంలా ఉబ్బి, అంచున చీలింది. ఆ చీలిక గుండా పెట్రోలు ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతోంది. అలాగే నడిపి ఉంటే పలచబడ్డ ఆయిల్‌తో బేరింగులు అరిగిపోయేవి.

ఎందుకు ఉబ్బింది? 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది, 2025కల్లా అంతటా అదే. ఇథనాల్ పాత రకం రబ్బరుకి పడదు. మా చుట్టూ ఉన్న పొలాల్లో చెరకే, ఆ చెరకు నుంచే ఇథనాల్. రైతుకి నాలుగు రూపాయలు ఎక్కువ వస్తే నాకూ సంతోషమే. కానీ పాత బండ్లున్నవాళ్లకు పాత పెట్రోలు ఒక్క పంపులోనైనా ఉంచాల్సింది. నేను బీదర్ వెళ్లి ఇథనాల్ తట్టుకునే పైపులు, కొత్త డయాఫ్రమ్ తెచ్చి వేసుకున్నాను. ఒక ఆదివారం పట్టింది.

ఇక పొగ సంగతి. ఇది నేను దాటవేయను. పద్మినికి పొగను శుద్ధి చేసే కన్వర్టర్ లేదు. రోజూ నగరం ట్రాఫిక్‌లో తిరిగే పాత కారు, కొత్త కారు కంటే ఎక్కువ విషం కక్కుతుంది. బొంబాయిలో టాక్సీలకు ఇరవై ఏళ్ల హద్దు పెట్టి, 2023 అక్టోబరులో చివరి పద్మిని టాక్సీని రోడ్డు మీంచి తప్పించారు. రోజంతా తిరిగే టాక్సీకి ఆ నిబంధన న్యాయమే అనుకుంటాను. కానీ నా బండి ఏడాదికి 1,200 కిలోమీటర్లు తిరుగుతుంది. లీటరుకి పన్నెండు ఇస్తుంది, అంటే 100 లీటర్లు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్, మొత్తం 230 కిలోలు. ఉక్కు కరిగించడం నుంచి రంగు వేసేదాకా ఒక కొత్త కారు తయారీలో వెలువడేది టన్నుల లెక్క. ఈ బండిని తుక్కు చేసి కొత్తది కొంటే ఆ బాకీ తీరేసరికి నేను రిటైరై ఎన్నేళ్లవుతుందో. పొగ పరీక్షలో పాత కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం మించకూడదని నిబంధన ఉంది. కార్బొరేటర్ స్క్రూ ఓపికగా తిప్పి, ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, నేను ఆ లోపలే ఉంటున్నాను. అలాంటప్పుడు వయసుతో పనేమిటి? పరీక్ష పెట్టండి, తప్పితే ఆపండి.

చట్టం మాత్రం వయసే చూస్తోంది. 2019లో ఆర్సీ పొడిగించుకున్నప్పుడు ఫీజు 600. 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, 2024లో అదే కట్టాను. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కారుకి 10,000 చేశారు. విదేశం నుంచి దిగుమతైన కారుకైతే 80,000. ఎవరి తాతగారి ఇంట్లోనైనా పాత ఆల్ఫా రోమియో ఉంటే, దాన్ని బతికించాలనుకునే మనవడికి మొదటి దెబ్బ అదే.

ఇదే ప్రభుత్వం 2021లో వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండికి 'వీఏ' అక్షరాలతో గౌరవ నంబరు ఇస్తారు, ఫీజు 20,000. నాకు మనసు రగిలేది ఇక్కడే. ఇరవై ఏళ్లకు చెత్త అన్న బండి, యాభైకి వారసత్వం ఎలా అవుతుంది? మధ్య ముప్పై ఏళ్లు దాన్ని ఆకాశం కాపాడుతుందా? తుప్పు గీకి, రబ్బరు మార్చి, కొత్త ఇంజన్ పెట్టమన్నవాడికి వద్దని చెప్పి, అసలు రూపాన్ని నిలబెట్టేది ఇంట్లో పానా పట్టిన మనిషి. ఆ మనిషి మీదే అంతకంతకూ భారం పెంచుతూ, చివర్లో బండి మిగిలితే దానికి నంబరు పలక ఇస్తారట. ఆ పలక ఇచ్చాక కూడా రోజువారీగా నడపకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతుల్లాంటి పనులకూ మాత్రమే. తిరగని ఇంజన్‌లో రింగులు పట్టేస్తాయి, బ్రేక్ సిలిండర్లు తుప్పెక్కుతాయి. నిలబడ్డ మూడేళ్లలో నా బండికి జరిగింది అదే.

ఈ కారు పుట్టిన ఇటలీలో ముప్పై ఏళ్లు దాటిన కారుకి మామూలు రోడ్డు పన్ను రద్దు. బ్రిటన్‌లో నలభై దాటితే పన్ను లేదు. బండి వయసు పెరిగేకొద్దీ వాళ్లు భారం దించుతున్నారు, మనం ఎత్తుతున్నాం. మనకు కావలసిన మార్పు పెద్దదేమీ కాదు. ఏటా ఒకసారి బ్రేకులు, పొగ, అడుగు రేకు నిజాయితీగా పరీక్షించండి. తక్కువ కిలోమీటర్లు తిరిగే పాత సొంత కారుకి పాత ఫీజే ఉంచండి. ఇరవైకీ యాభైకీ మధ్య ఉన్న బండిని కాపాడేవాడికి ఒక వర్గం ఏర్పాటు చేయండి. ఆదివారాల్లో లేత్ పనికి నేను వెళ్లే జహీరాబాద్ మిస్త్రీలకూ దానివల్ల నాలుగు రోజుల కూలి దొరుకుతుంది.

2029లో నా ఆర్సీ గడువు మళ్లీ ముగుస్తుంది. అదే ఏడు బండికి యాభై నిండుతుంది. 10,000 కట్టి బడికి నడుపుకుంటూ వెళ్లాలా, 20,000 కట్టి కొట్టంలో నిలబెట్టాలా అన్నది నా ముందున్న ప్రశ్న. ఈలోగా ముందు చక్రాల బ్రేక్ సిలిండర్లకు కొత్త రబ్బరు కిట్లు వేయాలి. ఎడమ వైపుది నిన్న రాత్రి నుంచి కొద్దిగా కారుతోంది.