ఇరుకు బండికి ఇంజను బలం

ఉస్లాపూర్ స్టేషనుకు సమీపంలో కాపురముంటున్న నాకు ఇంజన్ల గురించి ప్రశ్నలు ఎదురవడం కొత్త కాదు. ఇంజను దిశ మార్చే పని తప్పించడానికి కొన్ని రైళ్లను బిలాస్‌పూర్ స్టేషనుకు తీసుకువెళ్లక ఇటుగా నడుపుతారు. వేళగాని వేళ సామానుతో ఇక్కడ దిగిన చుట్టాలు ముందుగా ఆ సంగతే అడుగుతారు. ఈసారి ప్రశ్న మాత్రం అమెరికా నుంచి వచ్చింది.

కొలరాడో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఒక చిన్న బండి కొన్నాడు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని రోడ్డు లేని చోట తిరిగే నాలుగు చక్రాల వాహనం. పొలారిస్ సంస్థ వారి ఆర్‌జడ్‌ఆర్ 570. ఒకే సిలిండరు, 567 సీసీ, 45 అశ్వశక్తి. వెడల్పు 50 అంగుళాలు, అనగా 127 సెంటీమీటర్లు. మనమెరిగిన మారుతి 800 కంటె దాదాపు జానెడు తక్కువ. అక్కడి అటవీ బాటలలో పలుచోట్ల అంతకు మించిన వెడల్పును అనుమతించరు గనుక ఈ ఇరుకు.

“మావయ్యా, కొండ ఎక్కేటప్పుడు బండి మూలుగుతోంది. కొత్త సైలెన్సరు, కంప్యూటరు ప్రోగ్రాము, పెద్ద ఎయిర్ ఫిల్టరు అమ్ముతున్నారు. వేయించమంటారా?” అన్నాడు.

బాట ఎంత ఎత్తున ఉందని అడిగాను. 3,000 మీటర్లట. అంత ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే ముప్పాతిక వంతే ఉంటుంది. గాలి తగ్గితే దానికి తగినట్లు పెట్రోలూ తగ్గవలసిందే. ఆ లెక్కన 45 అశ్వశక్తిలో మిగిలేది 33 లేక 34. సైలెన్సరు మార్చినంత మాత్రాన ఈ లోటు తీరదు. టర్బో బిగిస్తే తీరుతుంది గాని, ఆ అదనపు ఒత్తిడిని పిస్టను, బెల్టు, యాక్సిలు అన్నీ భరించాలి.

ఫిల్టరు మాట వినగానే నాకు పాత సంగతి గుర్తుకు వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కోర్బా ప్రాంతపు బొగ్గు గనిలో, ఒక డంపరు ఎత్తు ఎక్కడం లేదని ఫిర్యాదు వచ్చింది. చదువు తాజాగా ఉన్న రోజులు. ఇంధనం చాలడం లేదని నిర్ణయించి పంపు సర్దించాను. బండి పరుగెత్తింది. నన్ను మెచ్చుకున్నారు కూడా. కొన్ని వారాలకే ఇంజను నూనె తాగడం, పొగ కక్కడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే లైనర్లు గీతలు పడి ఉన్నాయి. ఫిల్టరుకూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు గొట్టం అడుగువైపున చీలి ఉంది. అందులోంచి చొరబడిన దుమ్ము నూనెతో కలిసి సానపిండిలా అరగదీసింది. “ఊపిరి చూడకుండా ఆకలి చూశారు సాబ్” అన్నాడు వృద్ధ ఫోర్‌మన్. మొదటి రోజే ఆ గొట్టం వెంట చెయ్యి పోనిచ్చి తడమమని ఆయన నాకు చెప్పి ఉన్నాడు. నేనే వినలేదు.

కనుక మావాడిని ఫిల్టరు పెట్టె విప్పి, శుభ్రమైన గాలి వెళ్లే వైపు తెల్లగుడ్డతో తుడవమన్నాను. గుడ్డ మట్టిరంగుకు తిరిగింది! సీలు ఒక మూల మడత పడి ఉందట. కంప్రెషన్ పరీక్ష చేయించాడు. అదృష్టవశాత్తు సిలిండరుకు ఇంకా హాని జరగలేదు.

మరి టైర్లో? అడిగితే కాస్త నసిగాడు. బండితో వచ్చిన 25 అంగుళాల టైర్లు తీసి 27 అంగుళాలవి తొడిగాడట, చూపుకు బాగుంటాయని. చక్రం పెరిగితే నేల మీద పడే లాగుడు శక్తి అదే నిష్పత్తిలో తగ్గుతుంది. అంటే నూటికి ఏడు పాళ్లు తానే పోగొట్టుకుని, దానిని డబ్బు పోసి కొనుక్కోబోతున్నాడన్నమాట.

ఇక ఈ బండ్లలో గేరుబాక్సుకు ముందు బెల్టు, రెండు పుల్లీలు ఉంటాయి, మన కైనెటిక్ హోండా స్కూటరులో ఉండినట్టే. పుల్లీలోని బరువు దిమ్మలు సముద్రమట్టానికి తగినవైతే, బలం తగ్గిన ఇంజను కొండ మీద తన గరిష్ఠ శక్తినిచ్చే వేగాన్ని అందుకోలేదు. కొంచెం తేలిక దిమ్మలు వేస్తే అందుకుంటుంది. సైలెన్సరు కంటె చవక, గుణం ఎక్కువ. నిటారు ఎత్తుల్లో లో గేరు వాడితే బెల్టు కాలిపోవడమూ తప్పుతుంది.

ఇన్ని చెప్పి, పక్క సీటులో ఎవరు కూర్చుంటారని అడిగాను. ఎనిమిదేళ్ల కూతురట. అప్పుడు లెక్క కాగితం మీద వేసి పంపాను. చక్రాల మధ్య దూరం ఒక మీటరు, బరువు కేంద్రం నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే, పక్కకు 40 డిగ్రీలు ఒరిగితే బండి నిశ్చలంగా ఉన్నా పడిపోతుంది. నడకలో, గుంతల్లో అంతకంటె ముందే. పెద్ద టైర్లు ఆ కేంద్రాన్ని మరో అంగుళం పైకి లేపుతాయి. మలుపులో వేగం 20 శాతం పెరిగితే బయటకు తోసే బలం 44 శాతం పెరుగుతుంది. ఇంజనుకు బలం కొనవచ్చు గాని, 50 అంగుళాల బాటకు వెడల్పు కొనలేము. బండి ఒరుగుతుంటే పిల్ల చెయ్యి బయటికి చాపకుండా వల తలుపు, బెల్టు, హెల్మెట్ ముందు అమర్చమన్నాను.

పాత టైర్లు తిరిగి ఎక్కించాడు. సీలు, దిమ్మలు మార్చాడు. మొన్న ఫోను చేసి, ఆ ఎత్తు లో గేరులో నిదానంగా ఎక్కిందని చెప్పాడు. సైలెన్సరు కొనలేదట. “చక్రాలకు స్పేసర్లు వేసి వెడల్పు పెంచితే పడిపోదు కదా మావయ్యా?” అని మరో ప్రశ్న వేశాడు. బాట మొదట్లో ఉన్న ఇనుప గేటు సందు ఎంతో టేపుతో కొలిచి చెప్పమన్నాను. ఇంకా ఫోను రాలేదు.