ఒక్క జబ్బు చాలు



బీద కుటుంబాల గురించి మాట్లాడేటప్పుడు కొందరు అలవాటుగా అనే మాటలున్నాయి: "తాగి పాడుచేసుకున్నారు", "ఒళ్లు వంచి పనిచేయరు". ఏళ్ల తరబడి వార్డుల్లో పనిచేసినదానిగా ఈ మాటలు నేను ఒప్పుకోను. ఊరూరా లెక్క తీసిన ఒక ఆచార్యుని పరిశోధన కూడా ఒప్పుకోదు.

ఆయన పేరు అనిరుధ్ కృష్ణ. ఆర్థికశాస్త్రం చదివి, ఐ.ఎ.ఎస్. అధికారిగా 14 సంవత్సరాలు పనిచేశారు. తరువాత అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఆయన వేసిన ప్రశ్న తేలికైనదే. పాతికేళ్ల కిందట ఈ ఇల్లు ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది, మధ్యలో ఏం జరిగింది? జవాబు ఊరివాళ్లనే కూర్చోబెట్టి అడిగారు. బీదరికం అంటే ఏమిటో కూడా వాళ్లచేతనే చెప్పించారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నల్గొండ, ఖమ్మం, తూర్పు గోదావరి జిల్లాల్లోని 36 గ్రామాల్లో ఇలా ఇంటింటి కథ సేకరించారు. ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. పాతికేళ్లలో నూటికి 14 కుటుంబాలు బీదరికం నుంచి బయటపడ్డాయి. అదే కాలంలో నూటికి 12 కుటుంబాలు కొత్తగా అందులో పడిపోయాయి. పైపైన చూసేవారికి నూటికి రెండు కుటుంబాలే మారినట్టు కనిపిస్తుంది.

మరి ఆ 12 ఇళ్లు ఎందుకు పడిపోయాయి? ముఖ్యంగా జబ్బు వల్ల, దానికైన ఖర్చు వల్ల. పెళ్లి ఖర్చులు, చావు ఖర్చులు, పెద్ద వడ్డీ అప్పులు, కరువు దానికి తోడయ్యాయి. రాజస్థాన్, గుజరాత్‌లలో, కెన్యా, ఉగాండా, పెరూ దేశాల్లో అడిగినా జబ్బే ముందు వరుసలో నిలిచింది. తాగుడు వల్ల, సోమరితనం వల్ల చెడినవారు బహు కొద్దిమంది. సుమారు 35 వేల కుటుంబాల సంగతులతో ఆయన 2010లో రాసిన పుస్తకం పేరు 'వన్ ఇల్‌నెస్ అవే'. ఒక్క జబ్బు దూరంలోనే బీదరికం ఉందని దాని అర్థం.

ఇది మనకు తెలియని సంగతి కాదు. ఇంటి పెద్ద మంచం పడితే కూలి ఆగుతుంది, ఖర్చు మొదలవుతుంది. ముందు మేక, తరువాత ఆవు, ఆపైన మెడలో బంగారం, చివరికి భూమి. కొడుకు చదువు మాని హైదరాబాదుకో చెన్నైకో పనికి పోతాడు.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన పొరుగు శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. ఆ పథకం ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. అయితే అది ముఖ్యంగా ఆసుపత్రిలో చేరాక ఆదుకుంటుంది. చేరకముందు చేసిన పరీక్షలు, ఊళ్లో వేయించుకున్న ఇంజెక్షన్లు, ఏళ్ల తరబడి మింగే మాత్రలు, ఆటో ఛార్జీలు, పోయిన కూలి చాలావరకు కుటుంబం మీదే పడతాయి. బీదలకు ఓ.పి. వైద్యం, మందులు కూడా పూర్తిగా అందేవరకు ఈ పని సగమే అయినట్టని నా అభిప్రాయం.

ఆసుపత్రులకు కూడా ఒక బాధ్యత ఉంది. చేర్చుకున్న రోజే సుమారు ఎంత అవుతుందో ఇంటివారికి అర్థమయ్యేలా చెప్పాలి. డిశ్చార్జి రోజున చూపించే బిల్లు ఎవరికీ మేలు చేయదు. తక్కువ ధర మందు ఉంటే అదే రాయాలి.

మీకు నా మనవి ఇది. అప్పు చేయకముందే కార్డు తీసుకుని వచ్చి అడగండి. ఖర్చు ఎంతని అడగడానికి సిగ్గుపడకండి. బి.పి., షుగరు మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, మానకుండా వాడండి. ఈ రోజు మానిన మాత్ర రేపు పక్షవాతమై రావచ్చు, కిడ్నీ జబ్బై రావచ్చు. పొరుగింట్లో ఎవరైనా మంచం పడితే, వారి అలవాట్లు లెక్కపెట్టకముందు ఆ ఇంట్లో ఈ వారం కూలి వచ్చిందో లేదో అడగండి.