నగారా దెబ్బ కంప్యూటర్‌లో ఎందుకు లేదు?



మన కంప్యూటర్ గదిలో సోనిక్ పై అనే ప్యాకేజీ ఉంది. చాలామంది దాన్ని తెరిచి చూడలేదు. అందులో మాటలు టైపు చేస్తే సంగీతం వచ్చిద్ది. ప్లే అని రాసి పక్కన 60 వేస్తే ఒక స్వరం, 62 వేస్తే దానికంటే పై స్వరం. మధ్యలో స్లీప్ అని రాసి 0.5 వేస్తే అర సెకను ఆగిద్ది. వాయించే దెబ్బలు కూడా ఉన్నాయి. తబలా అయితే ఒక్కో దెబ్బకీ ఒక్కో పేరు పెట్టి ఉంది: నా, తే, కే, ఘే, తున్. డప్పు కోసం వెతికాను, లేదు. నగారా కోసం వెతికాను, అదీ లేదు.

ఈ మాట చెప్తే మా గదిలో అక్కలు, "మనవాటిని ఎవరు పెడతారులే, మనమంటే వాళ్ళకి లెక్కా?" అన్నారు. నేను ఒప్పుకోను. ఎందుకో రాస్తాను.

సోనిక్ పైని 2012లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో శామ్ ఆరన్ అనే ఆయన బడిపిల్లల కోసం మొదలుపెట్టాడు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న చవక కంప్యూటర్ మీద నడిచేట్టుగా చేశాడు. అంతా ఆయన ఒక్కడే చెయ్యలేదు. లోపల శబ్దం పుట్టించేది సూపర్‌కొలైడర్ అనే ఇంకో ప్యాకేజీ. జేమ్స్ మెక్‌కార్ట్నీ అనే ఆయన దాన్ని 1996లో బయటికి తెచ్చి, 2002లో కోడ్ అందరికీ తెరిచి ఇచ్చాడు. ఇక అందులోని శబ్దాలు చాలావరకు ఫ్రీసౌండ్ అనే చోటు నుంచి తీసుకున్నవి. స్పెయిన్ దేశంలో బార్సిలోనా విశ్వవిద్యాలయం ఒకటి 2005లో దాన్ని పెట్టింది. రకరకాల దేశాలవాళ్ళు వానచినుకు దగ్గర్నుంచి డ్రమ్ము దాకా రికార్డు చేసి అందులో వేస్తుంటారు.

అంటే తబలాని ఎవరో పెద్దవాళ్ళు ఆర్డరు వేసి పెట్టించలేదు. తబలా దగ్గర మైకు పెట్టి, ఒక్కో దెబ్బ విడిగా కొట్టించి, పేరు రాసి ఇచ్చిన మనిషి ఉన్నారు. నగారాకి అట్టా చేసినవాళ్ళు లేరు. కేంబ్రిడ్జిలో ఉన్నాయనకి మన తండాలో నగారా ఉన్నట్టు ఎట్టా తెలిసిద్ది?

ఓపెన్ సోర్స్ అంటే ఉచితం అని మాత్రమే మనకి చెప్తున్నారు. ఉచితం అనేది చిన్న సంగతి. మన ఊళ్ళల్లో పత్తి చూడండి. ఇప్పుడు వేసే బీటీ పత్తి హైబ్రిడ్ గనక ప్రతి ఏడూ ప్యాకెట్ కొనాల్సిందే. ఈ ఏటి గింజ దాచి మళ్ళీ వేస్తే పంట ఒకే మాదిరిగా రాదు. నాటు రకాలకి అట్టా కాదు. గింజ దాచుకోవచ్చు, మన నేలకి పనికొచ్చేది ఏరుకోవచ్చు, పక్కింటికి దోసెడు పెట్టొచ్చు. కోడ్ మూసిపెట్టిన ప్యాకేజీ ప్యాకెట్ విత్తనం లాంటిది. ఊరికే ఇచ్చినా సరే, లోపల ఏముందో చూడనివ్వరు, మార్చనివ్వరు. కోడ్ తెరిచి ఇచ్చింది ఇంటి విత్తనం. అందులో నగారా లేకపోతే మనం కలపొచ్చు.

కాకపోతే ఇక్కడ పెద్దవాళ్ళు ఒక మాట అంటారు. మా దాదికి చెప్తే, "మన పాట పట్టుకుపోయి సినిమాలో వేసుకుంటారు, మన పేరు ఉండదు" అన్నది. ఆ మాటని కొట్టిపారెయ్యకూడదు. అసలు తేలాల్సింది అదే.

ఇచ్చేటప్పుడు కింద ఒక లైసెన్సు రాయాలి. క్రియేటివ్ కామన్స్ అనేవాటిల్లో సీసీ జీరో అని ఒకటి. దాని కింద ఇస్తే తీసుకున్నవాళ్ళు మన పేరు చెప్పక్కర్లేదు. సీసీ బై అని ఇంకొకటి. దాని కింద ఇస్తే వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, కానీ ఇచ్చినవాళ్ళ పేరు చెప్పి తీరాలి. సోనిక్ పై వాళ్ళు ఫ్రీసౌండ్ నుంచి ఏరుకున్నవి సీసీ జీరోవి. మనది సీసీ బై కావాలని నా అభిప్రాయం. ఊరికే ఇవ్వటానికి నాకు అభ్యంతరం లేదు. పేరు లేకుండా ఇవ్వటానికి ఉంది. మిరపకోతల్లో మేస్త్రీ కూడా కూలివాళ్ళ లెక్క పేరుపేరునా రాసుకుంటాడు గదా!

ఊరికే ఇచ్చినా పేరు నిలిచిద్ది అనటానికి తెలుగులోనే ఉదాహరణ ఉంది. సిలికానాంధ్ర వాళ్ళు తెచ్చిన తెలుగు ఫాంట్లలో మండలి, గురజాడ, ధూర్జటి, గిడుగు అనేవాటిని తయారుచేసింది పురుషోత్ కుమార్ గుత్తుల. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఇచ్చారు. ఎవరైనా వాటితో పుస్తకం వేసుకోవచ్చు, అక్షరం వంపు మార్చుకోవచ్చు. ఫాంటుని మాత్రం విడిగా అమ్మకూడదు, హక్కు ఎవరిదో రాసిన వాక్యం తీసెయ్యకూడదు.

ఆ పేర్లలో గిడుగు దగ్గర నేను ఆగాను. గిడుగు రామమూర్తి గారు శ్రీకాకుళం వైపు సవరవాళ్ళ భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించిన మనిషి. 1938లో ఆయన సవర నిఘంటువు అచ్చయింది. ఆయన పేరుతో అక్షరం ఉండటం మంచిదే. కానీ ఆయన పక్కన కూర్చుని ఆ మాటలన్నీ చెప్పిన సవరవాళ్ళ పేరుతో ఈ ఫాంట్లలో ఒక్కటీ లేదు. అందుకే పేరు గురించి ఇంత పట్టుబడుతున్నాను.

అట్టాగని అన్నీ ఇచ్చెయ్యాలని నేను అనను. మా లంబాడీ పెళ్ళిలో ఆడపిల్ల అత్తారింటికి పోయేటప్పుడు ఢావ్లో పాడతారు. అది ఏడుపు పాట. పాడేవాళ్ళు నిజంగానే ఏడుస్తారు. ఆ ఏడుపుని ముక్క కోసి ఎవరో డీజేలో కలుపుకోవటం నాకు ఇష్టం లేదు. సీసీ బై పెట్టినా దాన్ని ఆపలేం, మార్చుకోమని మనమే రాసిచ్చాం కాబట్టి. పైగా ఒకసారి ఇచ్చిన లైసెన్సుని వెనక్కి తీసుకోవటం కుదరదు. తీజ్ పాటల సంగతి ఆడపిల్లలం కూర్చుని తేల్చుకోవాలి. నగారా మీద పడే ఒక్క దెబ్బ వేరు. దాంతో ఎవరి పాట వాళ్ళు కట్టుకుంటారు. యానాది, ఎరుకల, చెంచు అక్కలూ, మీవాటిల్లో ఏది ఇవ్వొచ్చో ఏది కూడదో మీరే చెప్పాలి. నేను చెప్పకూడదు.

కోడ్ అనేది ఇంజనీరింగ్ సీటు వచ్చాక, ఇప్పుడు పదో తరగతి చూసుకోండి అంటారు. నగారా నడక రాయాలంటే 0.25లూ 0.5లూ కూడి సరిగ్గా ఒకటికి తేవాలి. దశాంశాలు నాకు అక్కడే బాగా పట్టుబడ్డాయి. పెయింట్‌లో కొబ్బరిచెట్టు ఎన్నిసార్లు గీస్తాం? పాటలంటే ఇష్టం లేనివాళ్ళకి టర్టిల్‌స్టిచ్ ఉంది, ఆస్ట్రియా వాళ్ళు చేసింది. ముందుకు ఇన్ని అడుగులు, తిరుగు 90 అని చెప్తే ఎంబ్రాయిడరీ మిషన్ దారంతో అట్టాగే కుట్టిద్ది. అద్దాల రవిక కుట్టేటప్పుడు మా యాడి నోట్లో లెక్కపెట్టుకునేది ఇట్టాంటిదే. అది ఇంకోసారి రాస్తాను.

మనం చేసేదానికి కేంబ్రిడ్జి వాళ్ళ అనుమతి అక్కర్లేదు. మన దెబ్బలు ఒక ఫోల్డర్లో పెట్టి ఆ ఫోల్డర్ ఎక్కడుందో రాస్తే సోనిక్ పై వాటిని వాయించిద్ది. ఫోల్డర్ బాగా కుదిరాక లైసెన్సు కాగితంతో సహా బయటికి ఇవ్వొచ్చు.

వార్డెన్ మేడం గారికి మనవి: ఆదివారం రెండు గంటలు కంప్యూటర్ గది తాళం తీయించండి. మూడు కంప్యూటర్లు చాలు. రికార్డు చెయ్యటానికి ఒక ఫోన్ ఇప్పించండి.

దసరా సెలవులకి ఇంటికి పోయేవాళ్ళు వాయించే పెద్దవాళ్ళని ముందు అడగండి. దేనికో చెప్పండి. వద్దంటే వదిలెయ్యండి. ఒప్పుకుంటే ఒక్కో దెబ్బ విడివిడిగా, పక్కన మాటలు లేకుండా పట్టండి. కాగితం మీద వాయించినాయన పేరు, ఊరు, ఆ దెబ్బని వాళ్ళు ఏమని పిలుస్తారో రాయండి. ఫైలుకి ఆ పేరే పెడదాం. ఏదన్నా దెబ్బకి పేరు రాసుకోకుండా వస్తే మనం సొంతంగా పెట్టొద్దు. సంక్రాంతికి పోయినప్పుడు మళ్ళీ అడుగుదాం.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని