చప్పట్లు చాలునా?

ఇటలీదేశమందలి మిలాను నగరమున పావ్లో మాల్దీనీ యను ఫుట్‌బాలు ఆటగాడు గలడు. ప్రతిపక్షమువారి దాడి నడ్డగించి తన గోలును గాచుట యాతని పనియై యుండెను. గోలు కొట్టినవానికే లోకము జేజేలు పలుకును. గాచినవాని నెవ్వరు తలతురు? అయినను, 1985 మొదలు 2009 వఱకు 25 క్రీడాకాలములు ఒక్క పక్షముననే యాడి విరమించిన యీతని కీర్తి నేటికిని తఱుగలేదు. ఆతడు ధరించిన 3వ సంఖ్య చొక్కాను ఆతని కుమారులకు దక్క మఱియెవ్వరికిని ఈయరాదని యా పక్షమువారు నిశ్చయించిరి. ఆతని తండ్రి చేజారేయు 1963లో ఆ పక్షమునకే నాయకుడై యూరపు కప్పును గెల్చినవాడు. అచ్చట ప్రజాభిమానము చప్పట్లతో ముగియక, తరతరముల సంప్రదాయమై నిలిచినది.

ఇక మన సంగతి యేమి? శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేట ఆడపడుచు శ్రీమతి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్సునందు 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోలెత్తి కంచుపతకము గొనెను. ఒలింపిక్ పతకము నందిన భారతస్త్రీలలో నామెయే ప్రథమురాలు. స్వర్ణము గెల్చిన చైనా యువతికిని ఈమెకును భేదము రెండున్నర కిలోలు మాత్రమే! అంతకు మున్నే 1994, 1995 సంవత్సరములలో ఆమె ప్రపంచ విజేత. కోడి రామమూర్తిని గన్న వీరఘట్టపు సీమకు బలము క్రొత్తది గాదని ఆమె మరల చాటెను.

2004లో ఆమె విరమించెను. పిమ్మట బరువులెత్తుట నేర్పు శిక్షణాలయమును హర్యానాలోని యమునానగరమున నెలకొల్పెను. ఇందామె దోషము లేశమును లేదు. ఆడపడుచు మెట్టినింట దీపము పెట్టుట ధర్మమే. పుట్టినింటివారమగు మనము చమురు పోయవలదా? అదియే ప్రశ్న.

"ఆమె కీర్తియే చాలును, దానిని జూచి పిల్లలు తామే పైకి వత్తురు" అని కొంద ఱందురు. ఈ వాదమునకు సాక్ష్యము చాలదు. మల్లీశ్వరి సయితము నీలంశెట్టి అప్పన్నగారివంటి గురువు దగ్గఱ నుండబట్టియే బరువు నెత్త నేర్చెను. విజయనగరము జిల్లా కొండవెలగాడను చూడుడు. బరువులెత్తువారికి పేరుపడిన యా పల్లెనుండియే మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో 53 కిలోల తరగతిని రజతము దెచ్చెను. కీర్తి కోరికను మాత్రమే పుట్టించును. కోరికను బలముగా మార్చునవి నిత్యసాధనయు, గురువును, కడుపునిండ తిండియును.

కావున పౌరులారా! పూలదండలకును, పందిళ్లకును వెచ్చించు ధనములో సగమైనను ప్రతి పట్టణమున నొక వ్యాయామశాలకు, అందు బాలికల కొక వేళకు, ఒక గురువు జీతమునకు కేటాయింపుడు. వీరుల ఋణము చప్పట్లతో చెల్లదు. వారి వెనుక నడచువారిని నిలబెట్టిననాడే చెల్లును.